ఆ మూల ఇసుక

ఈ సంగతి చెప్పడానికి నోరు తెరిచిన ప్రతిసారీ మావాళ్లలో ఎవరో ఒకరు నన్ను టీ తాగుతావా అని అడిగారు. మా నాన్న అడిగాడు, మా చిన్నమ్మ అడిగింది, పెళ్లయిన కొత్తలో నా భార్య కూడా అడిగింది. టీ వచ్చేది, మాట పోయేది. మా ఇళ్లలో ఒక మనిషిని నోరు మూసుకోమనడానికి ఇంతకన్నా మర్యాదైన పద్ధతి లేదు. మురుగు మోరీ పూడిపోయిందని మున్సిపాలిటీలో అర్జీ ఇస్తే, పని చేసినా చేయకపోయినా, ముట్టిందని ఒక ముద్ర కొట్టి ఇస్తారు. సొంత మనుషులు నాకు ఆ ముద్ర కూడా కొట్టలేదు. లొల్లి మనిషి అన్నారు, వకీలు అన్నారు, తల్లి పోయినప్పటి నుంచి బుద్ధి జర అటూ ఇటూ అయిందని నా వెనక చెప్పుకున్నారు. ఆ మాట ఎవరు ఏ గుమ్మం దగ్గర నిలబడి అన్నారో నాకు ఇప్పటికీ గుర్తుంది. పోయిన నెల కోదాడలో, మా చిన్నాయన మంచం పక్కన, నా చెవులతో నేనొక మాట విన్నాను. అది విన్నాక ఊరుకోవడం నా వల్ల కాదు. అందుకే మొదటి నుంచి చెబుతున్నాను.

నేను పెరిగింది సూర్యాపేటలో, ఒక కిరాయి ఇంట్లో. ముందు గదుల్లో మేము, వెనక గదుల్లో మా చిన్నాయన, చిన్నమ్మ, వాళ్ల పాప శ్రీలత. వంట ఒకటే. నాన్న మిర్యాలగూడలో ఒక రైసుమిల్లులో గుమాస్తా. వారమంతా అక్కడే ఉండి శనివారం సాయంత్రం బస్సు దిగేవాడు. ఆయన చొక్కా విప్పి కొయ్యకు తగిలిస్తే గదంతా తవుడు వాసన. మిల్లులో పనిచేసే మనిషి ఇంట్లో మల్లెపూల లాంటి బియ్యం ఉంటాయని ఊరివాళ్లు అనుకునేవారు. మాకు వచ్చేవి మాత్రం కుప్ప అడుగున మిగిలినవి. సగం నూకలు, గుప్పెడుకో రాయి. అందుకని అమ్మకు ప్రతి మధ్యాహ్నం అదే పని. అందరి అన్నాలు అయ్యాక, అంట్లు బోర్లించి, వీధి తలుపు ఓరగా వేసి, గడప ఇవతల వెలుగు చారలా పడే చోట కూర్చుని చాటలో బియ్యం పరిచేది. వేళ్లతో అడ్డంగా గీసి, రాళ్లు ఏరి పక్కన పెట్టి, అరచేత్తో చదును చేసి మళ్లీ గీసేది. సర్‌ర్‌మని ఒక చప్పుడు, కాసేపు నిశ్శబ్దం, మళ్లీ సర్‌ర్‌మని చప్పుడు. నేను ఆ చప్పుడు వింటూ పడుకునేవాణ్ని. అది ఆగితే మెలకువ వచ్చేది.

అమ్మ పుట్టిల్లు పెన్‌పహాడ్. చిన్నప్పుడు బావి దగ్గర మోట తాడులో పడి ఆమె కుడిచేతి ఉంగరపు వేలు నలిగింది. అది అరచేతిలోకి వంగి అట్లాగే ఉండిపోయింది. అందుకని ఆమె బియ్యంలో చెయ్యి లాగితే నాలుగు గీతలు పడేవి కావు. పక్కపక్కన రెండు గీతలు, ఆ తర్వాత ఒక గీత పట్టేంత ఖాళీ, దాని అవతల చిటికెన వేలి సన్న గీత. మా చిన్నాయన ఆ చాట పక్కనుంచి పోయేటప్పుడల్లా ఆగేవాడు.

"వదినే, మళ్ల రెండున్నర గీతలు గీస్తున్నవా?"

"నీ వంతు రాళ్లు నీ కంచంలనే ఏస్త, ఊకో" అనేది అమ్మ, తల ఎత్తకుండానే.

"ఎయ్యి. దుకాణంల ఇనుము నమిలేటోనికి రాళ్లెంత."

ఆయన హైవే మీద లారీ సామాన్ల దుకాణంలో పనిచేసేవాడు. ఆయన చేతులకు ఎప్పుడూ గ్రీజు వాసన ఉండేది. నవ్వితే ఇల్లంతా వినపడేది. నాకు ఆయన మీద కోపం తర్వాత వచ్చింది. అప్పట్లో మా ఇంట్లో నాకు బాగా ఇష్టమైన మనిషి ఆయనే.

కిరాయి ఇంటి పక్క ఖాళీ జాగాలో చిన్నాయన సొంత ఇల్లు మొదలుపెట్టాడు. గోడలు లేచాయి, స్లాబు పడింది. గోడలకు గిలాబు పూయడానికి మూసీ ఇసుక తెప్పించి వాకిలి ముందర పోయించాడు. ఆ రోజుల్లోనే అమ్మకు పచ్చకామెర్లు వచ్చాయి. పసరు తాగించారు, పథ్యం పెట్టారు, తర్వాత పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. ఆమె తిరిగి వచ్చింది గానీ నడిచి రాలేదు. నేను అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. చితికి నిప్పు పెట్టింది నేనే. మూడో రోజు బూడిదలో మిగిలిన ఎముకలు, మా వైపు బొక్కలంటారు, ఏరి, పాలతో కడిగి, ముంతలో వేసింది కూడా నేనే. ఆ ముంత అంచు ఒకచోట గోరంత పెచ్చు ఊడి ఉంది. తెల్లబట్ట కడుతుంటే ఆ పెచ్చు నా బొటనవేలికి గీసుకుంది. అందుకే దాన్ని నేను మర్చిపోలేదు.

బొక్కల ముంతను గడప దాటించి ఇంట్లోకి తేకూడదు. నదిలో కలిపేదాకా బయటే ఉంచాలి. పల్లెల్లో అయితే ఏ చెట్టు కొమ్మకో కట్టి ఉంచుతారు. మా గల్లీలో చెట్టు లేదు, కరెంటు స్తంభాలు ఉన్నాయి. వాడపల్లి దగ్గర మూసీ, కృష్ణ కలిసే చోటికి పోవాలంటే మంచిరోజు కొంచెం దూరంగా ఉందన్నాడు అయ్యగారు. కుక్కలు ముట్టకుండా ఉంటుందని చిన్నాయన ఆ ముంతను ఇసుక కుప్పలో ఒక మూలన లోతుగా పాతిపెట్టి, గుర్తుకు పైన ఒక ఇటుక పెట్టాడు. రోజూ పొద్దున నేను అక్కడ దీపం పెట్టేవాణ్ని.

ఒకరోజు మేనమామను తీసుకురావడానికి పెన్‌పహాడ్ పోయాను. సాయంత్రం తిరిగి వచ్చేసరికి కుప్ప రెండింతలైంది. ఇటుక లేదు. వాకిట్లో ట్రాక్టరు టైర్ల జాడలు ఉన్నాయి. ముందే చెప్పి ఉంచిన రెండో లోడు ఆ రోజు వచ్చింది. చావు జరిగిన ఇంటికి ఇసుక వద్దని ట్రాక్టరు వాడికి చెప్పాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. వాడు వెనక్కి వచ్చి, ట్రాలీ ఎత్తి, కుమ్మరించి పోయాడు. చిన్నాయన ఆ మూలన గొంతుక్కూర్చుని ఉన్నాడు. మోచేతుల దాకా తడి ఇసుక. ముందర జల్లెడ.

"ముంతేది చిన్నాయనా?"

"తీసి పెట్టిన."

"ఏడ పెట్టినవ్?"

"పెట్టిన అంటున్న గదరా. పొయ్యి టీ తాగు, నీ మొఖం సూడు ఎట్లున్నదో."

అదే మొదటి టీ.

వాడపల్లి పోయే రోజు జీపు మాట్లాడారు. చిన్నాయన చేతిలో ముంత ఉంది. నేను దగ్గరికి పోయి బట్ట కింద వేలు పెట్టి అంచు చుట్టూ తడిమాను. అంచు నున్నగా ఉంది. పెచ్చు ఊడిన చోటు లేదు. బట్ట ముడి కూడా నేను వేసింది కాదు. నేను జీపు ఎక్కబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. జాగ లేదు బిడ్డా, పరీక్షలు ఉన్నయి నీకు, మేము కలిపి వస్తం అన్నాడు. నాన్న ముందు సీటులో తల వంచుకుని ఉన్నాడు. వెనక సీటులో, మిర్యాలగూడలో ఎవరికో ఇవ్వాల్సిన లారీ టైరు ఒకటి దర్జాగా కూర్చుని ఉంది. దానికి జాగ ఉంది. నిప్పు పెట్టిన చెయ్యి నాది, నీళ్లలో కలిపే చెయ్యి కూడా నాదే కావాలి. నా స్థానంలో ఒక టైరు పోయింది. ఈ మాట నేను చాలా పెళ్లిళ్లలో చెప్పాను, విన్నవాళ్లు నవ్వారు. ఇది నవ్వే మాట కాదు.

దశదినాలు అయ్యాక మేస్త్రి పని మొదలుపెట్టాడు. అందరికన్నా ముందు నేను గమనించింది ఏమిటంటే, కుప్పలో ఆ మూల ఇసుకను చిన్నాయన ముట్టనివ్వలేదు. దాని మీద లారీలకు కట్టే తాడిపత్రి కప్పి చుట్టూ రాళ్లు పెట్టాడు.

"గీడ ఇసుక సన్నగ మస్తుగున్నది సార్, గిలాబుకు గిదే కావాలె" అన్నాడు మేస్త్రి.

"అది వద్దు."

"మంచి ఇసుక పెట్టుకొని మళ్ల కొంటరా?"

"వద్దంటున్ననా లేదా నేను?"

చిన్నాయన కూలివాళ్ల మీద గొంతు పెంచగా నేను వినడం అదొక్కసారే. గోడలకు వేరే ఇసుక వచ్చింది. గృహప్రవేశం అయ్యాక ఆయన ఫోటో ఫ్రేములు కట్టేవాడి దగ్గర అద్దాలు కోయించి, గమ్ముతో అతికించి, హాల్లో బల్ల మీద ఒక తొట్టి తయారుచేశాడు. హైదరాబాదులో ఏదో ఇంట్లో చేపల తొట్టి చూశానని, పాపకు ముచ్చటగా ఉంటుందని చెప్పాడు. చేపల కోసం మిర్యాలగూడ పోతూ నన్ను తోడు తీసుకుపోయాడు. అప్పుడు బస్సులో నాకు జాగ దొరికింది. దుకాణం అతను తొట్టి అడుగున వేయడానికి రంగురాళ్ల సంచి ముందర పెట్టాడు. ఇసుక వేస్తానన్నాడు చిన్నాయన.

"ఇసుక వద్దు అన్నా. గట్టిగ దిగుతది. అడుగున నల్లగైతది, మురిగిన వాసనొస్తది. దినాం కలియబెట్టాలె. ఎవడు పడ్తడు ఆ పరేషాను?"

"నేను పడ్త" అన్నాడు చిన్నాయన.

తాడిపత్రి తీసి ఆ మూల ఇసుకను ఆయన ఒక్కడే జల్లించాడు. గంపలోకి ఎత్తి బకెట్లో కడిగాడు. నీళ్లు తేటబడేదాకా కడిగాడు. కడిగిన నీళ్లను మోరీలో పోయలేదు. బకెట్టు బకెట్టూ మోసుకుపోయి కరివేపాకు మొక్క మొదట్లో పోశాడు. "మోరీ గీడనే ఉన్నది గదా, ఏం మనిషివయ్యా" అని చిన్నమ్మ గుమ్మంలో నిలబడి అడుగుతున్నా ఇంకో బకెట్టు ఎత్తుకున్నాడు. ఇసుకను గుప్పిళ్లతో తొట్టి అడుగున పరిచాడు. అది చెదరకుండా దాని మీద ఒక కంచం పెట్టి, కంచం మీద సన్నగా నీళ్లు పోశాడు. అప్పుడు ఆయన పెదవులు కదిలాయి. పాట పాడుతున్నాడనుకున్నాను.

తొట్టి ముచ్చటగానే ఉండేది. బంగారు రంగు చేపలు ఇసుకను నోట్లోకి తీసుకుని నమిలి ఉమ్మేసేవి. తొట్టి అంతా అట్లా తవ్వేవి గానీ, కిటికీ వైపు మూలకు పోయేవి కావు. అక్కడికి దగ్గరగా వచ్చి, మూతులు అటే పెట్టి, తోకలు మాత్రం ఆడిస్తూ వరసగా ఆగిపోయేవి. వడ్డన కోసం కూర్చున్న పిల్లల్లాగా ఉండేవి. పొద్దున్నే చిన్నాయన సన్నటి కట్టెతో ఇసుకంతా కలియబెట్టి, స్కేలు పెట్టి చదును చేసి దుకాణానికి పోయేవాడు. ఎండాకాలంలో మధ్యాహ్నం కరెంటు పోయేది. గాలి మోటారు ఆగేది. బుడగల చప్పుడు పోయాక ఆ ఇంట్లో ఏ చప్పుడూ ఉండేది కాదు. అట్లాంటి ఒక మధ్యాహ్నం, చిన్నమ్మ, పాప పడుకుని ఉండగా, నేను తొట్టి ముందర కూర్చుని ఉన్నాను. చేపలన్నీ ఆ మూలకు మూతులు పెట్టి ఆగి ఉన్నాయి. నీళ్లు కదలడం లేదు. ఇసుకలో గీతలు పడ్డాయి. పడి ఉండడం కాదు, నేను చూస్తుండగా పడ్డాయి. కిటికీ వైపు నుంచి నా వైపుకు, పక్కపక్కన రెండు, ఆ తర్వాత ఖాళీ, దాని అవతల సన్నటిది ఒకటి. గీసి ఆగినట్టు ఆగి, కాసేపటికి ఆ చోటే అరచెయ్యి వత్తినట్టు చదునైంది. మళ్లీ గీతలు పడ్డాయి.

నేను భయపడలేదు. నాకు నిద్ర వచ్చింది. ఇన్నేళ్లలో ఎవరికి చెప్పినా నమ్మనిది ఈ ముక్కే. భయమేసిందంటే నమ్మేవారేమో. అమ్మ పోయాక మధ్యాహ్నాలు నాకు నిద్రపట్టేది కాదు. ఆ రోజు బండల మీద అట్లాగే ఒరిగి నిద్రపోయాను. లేచేసరికి కరెంటు వచ్చింది, బుడగలు వస్తున్నాయి, చేపలు చెదిరిపోయాయి. గీతలు మాత్రం ఉన్నాయి. భయం అప్పుడు వేసింది.

చిన్నమ్మను లేపి చూపించాను. చేపలు గీకినయిరా అంది. సాయంత్రం చిన్నాయనను తీసుకొచ్చి నిలబెట్టాను. ఆయన తొట్టి వైపు చూడకుండా నా వైపు చూశాడు. "ఏం గీతలురా? నాకేం కనపడ్తలెవ్వు" అన్నాడు. కట్టె తీసుకుని ఒక్క ఊపున కలియబెట్టాడు. అడుగు నుంచి ఒక బుడగ లేచి పైన పగిలింది. దవాఖానలో చివరి రోజుల్లో అమ్మ మంచం దగ్గర ఉండిన వాసన, అదే, ఒక్క క్షణం వచ్చి పోయింది. ఇసుక అడుగున అట్లాంటి వాసన పుడుతుందని దుకాణం అతను ముందే చెప్పాడు, నిజమే. ఆ వారం నాన్న వచ్చినప్పుడు, మధ్యాహ్నం ఆయన చెయ్యి పట్టుకుని తీసుకుపోయి తొట్టి ముందర కూర్చోబెట్టాను. గీతలు ఉన్నాయి. నాన్న వాటిని చూశాడు. భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకుని లేచి, ఆదివారం అని కూడా చూడకుండా, చెప్పులేసుకుని బస్టాండుకు పోయాడు. ఆ తర్వాత ఆయన తమ్ముడి ఇంటి హాల్లో కూర్చోలేదు. వాకిట్లోనే నిలబడి మాట్లాడి పోయేవాడు. గీతల సంగతి ఎప్పుడు ఎత్తినా, టీ పెట్టుమను చిన్నమ్మను, అనేవాడు. ఆయన కూడా పోయి చాలాకాలమైంది. ఆయన బొక్కలు నేనే కలిపాను, నా చేతులతో, నా కళ్ల ముందర.

చిన్నమ్మ పోయాక చిన్నాయన సూర్యాపేట ఇల్లు అమ్మేసి కోదాడలో కూతురు దగ్గరికి పోయాడు. ఇల్లు అమ్ముతున్నట్టు నాకు కొన్నవాళ్లే చెప్పారు, అదొక లెక్క. సామానంతా వ్యానులో పోయింది. ఇసుకను మాత్రం తడిబట్టలో మూటకట్టి, స్టీలు బకెట్లో పెట్టుకుని, మునగాల మీదుగా పోయే బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకుపోయాడని తర్వాత తెలిసింది.

పోయిన నెల ఆయనకు కంటికి ఆపరేషను అయిందంటే చూడటానికి పోయాను. పిలవకపోయినా పోయాను. ఒక కంటికి పట్టీ, రెండో కంటికి పొర. మంచం హాల్లోనే వేశారు, తొట్టి పక్కనే. తొట్టి కొత్తది. నీలం రంగు లైటు, చప్పుడు చేయని మోటారు, వెనక సముద్రం బొమ్మ. శ్రీలత ఇప్పుడు కోదాడ యాసలో కలిసిపోయింది.

"అన్నీ మార్చానన్నయ్యా, ఇసుక మాత్రం మార్చనివ్వడు. నాన్న మా అత్తింటివాళ్ల ముందు ఎంత గొడవ చేశాడో తెలుసా? అన్నం మానేశాడు. పోనీలే అని వదిలేశా."

"పొద్దున కలియబెడ్తడా ఇంకా?"

"ఇప్పుడు నాతో పెట్టిస్తున్నాడు, కనపడదు కదా. టీ తాగుతావా?"

తాగుతానన్నాను. ఆమె వంటింట్లోకి పోయింది. బయట ఎండ మండుతోంది. గది మాత్రం చల్లగా, నీలంగా ఉంది. చిన్నాయన వెల్లకిలా పడుకుని ఉన్నాడు, నిద్రపోతున్నాడనుకున్నాను. నేను చెప్పులు విప్పి తొట్టి దగ్గరికి నడిచాను. కిటికీ ఇప్పుడు వేరే వైపు ఉంది. చేపలు కూడా వేరే. అయినా అవి ఒక మూలకు మూతులు పెట్టి, వరసగా ఆగి ఉన్నాయి. నా అడుగుల చప్పుడు విని ఆయన మెల్లగా అడిగాడు.

"రెండున్నర పడ్డయా బిడ్డా ఇయ్యాల?"

కూతురనుకున్నాడు. ఇన్నేళ్లూ నాకేం కనపడ్తలేవన్న మనిషి, నన్ను నలుగురిలో పిచ్చివాణ్ని చేసిన మనిషి, మందులేసుకున్నావా అని అడిగినంత మామూలుగా ఆ మాట అడిగాడు. నేను ఇసుక వైపు చూశాను.

"పడ్డయి చిన్నాయనా" అన్నాను.

ఆయన చెయ్యి దుప్పటి మీద ఆగిపోయింది. గొంతు గుర్తుపట్టాడు. తర్వాత గోడ వైపు తిరిగి, "ఎప్పుడొచ్చినవ్రా? టీ తాగినవా?" అన్నాడు.

తిరిగొచ్చే బస్సులో నేను ఒక సంగతి ఆలోచించాను. ఆ ఇంట్లో చాట లేదు. మిర్యాలగూడ నుంచి ఇప్పుడు వచ్చే బియ్యం సంచిలో ఒక్క రాయి ఉండదు, మిషన్లే ఏరేస్తున్నాయి. మా ఇంట్లో నా భార్య సంచి కత్తిరించి నేరుగా కుక్కర్లో పోస్తుంది. నా పిల్లలు బియ్యంలో చెయ్యి పెట్టి లాగిన మనిషిని చూడలేదు. మంచిదే, కళ్లు పోగొట్టుకునే పని అది. కానీ అట్లా గీసి, ఆగి, చదును చేసే చెయ్యి ఈ చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు, ఆ నీలం లైటు కింద తప్ప. అది నేర్పేవాళ్లు లేరు, నేర్చుకునేవాళ్లూ లేరు. మరి అది ఎవరు గీస్తున్నట్టు?

నాకు కొంత అర్థమైంది. ముంత పగిలింది. ఎంత ఏరినా అంతా దొరకలేదు. ఇసుకలో కలిసింది ఇసుకలోనే ఉండిపోయింది. గోడకు పూయడానికి చేతులు రాలేదు, ఊరవతల పారబోయడానికి మనసు రాలేదు. బొక్కలు నీళ్లలో ఉండాలి కాబట్టి నీళ్లలో పెట్టాడు. ఆ రోజే నాతో ఒక్క మాట చెప్పి ఉంటే నేను ఇద్దరికీ సరిపోయేంత ఏడ్చి, ఆ ఇసుకను ఆయనతో కలిసి వాడపల్లికి మోసేవాణ్ని. చెప్పలేదు. నాకు పిచ్చి అన్నాడు. ఇప్పుడు ఆ ఇసుకను తీసుకుపోయి నదిలో కలిపితే ఆ గీతలు కూడా పోతాయని నాకు తెలుసు. ఆయనకు కూడా తెలుసు. అందుకే అన్నం మానేశాడేమో. ఆయన ఇన్నేళ్లు తన ఇంట్లో దాచుకున్నది, అమ్మ బియ్యం ఏరిన ఆ మధ్యాహ్నం, నాది. కలపాలా, ఉంచాలా అన్నది నేను చెప్పాలి. ముందు నిజం ఏమిటో ఆయన చెప్పాలి.

ఇది పత్రికలో అచ్చైన రోజు శ్రీలత ఆయన మంచం పక్కన కూర్చుని చదివి వినిపిస్తుంది. అట్లా మాట ఇచ్చింది. మధ్యలో ఆపవద్దని కూడా చెప్పాను. చిన్నాయనా, ఆ రోజు నువ్వు వాడపల్లిలో నీళ్లలో వదిలిన ముంతలో ఏమున్నది? మా అమ్మ ఎంత పోయింది, ఎంత మిగిలింది? నన్ను టీ తాగినవా అని అడగకు. తాగిన. ఇగ చెప్పు.